శిశు హృదయ శస్త్రచికిత్స: సరిహద్దులు దాటిన సేవ

నిర్వచనం, పరిధి

పుట్టుకతోనే గుండె లోపం ఉన్న పిల్లలకు, బాల్యంలో గుండె జబ్బు తెచ్చుకున్న పిల్లలకు సొంత ప్రాంతంలో దొరకని శస్త్రచికిత్సను మరో దేశానికో మరో మతానికో చెందిన వైద్యులు, దాతలు, స్వచ్ఛంద సంస్థలు కలిసి ఉచితంగా చేయించడాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ఒకే దేశంలో ధనికులు పేదలకు చేసే వైద్య సహాయం దీనికి దగ్గరిదే అయినా ఇక్కడ ప్రధానాంశం అది కాదు. రోగి కుటుంబానికీ వైద్య బృందానికీ మధ్య భాష, విశ్వాసం, పౌరసత్వం, కొన్నిచోట్ల యుద్ధం కూడా అడ్డంగా ఉన్న సందర్భాలే ముఖ్యంగా పరిశీలనకు వస్తాయి. ఇజ్రాయెల్, పాలస్తీనా, ఇరాక్, తూర్పు ఆఫ్రికా దేశాల మధ్య 1990ల నుంచి సాగిన సేవ ఇందులో అన్నిటికన్నా విస్తారమైనది, వివాదాస్పదమైనది కూడా. అందుకే దానికి ఎక్కువ చోటు ఇవ్వవలసి వచ్చింది.

వ్యాధి స్వరూపం

పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువుల్లో ఎనిమిది, తొమ్మిది మందికి గుండె నిర్మాణంలో ఏదో ఒక లోపం ఉంటుంది. ప్రపంచం మొత్తం మీద ఏటా సుమారు 13 లక్షల మంది, భారతదేశంలో 2 లక్షలకు పైగా శిశువులు ఇలా పుడుతున్నారని అంచనా. కొన్ని లోపాలు వాటంతట అవే సర్దుకుంటాయి. దాదాపు నాలుగో వంతు మందికి మాత్రం మొదటి పుట్టినరోజు లోపే చికిత్స అందాలి.

మనవాళ్లు 'గుండెలో రంధ్రం' అనేది ఎక్కువగా కర్ణికల మధ్య గానీ జఠరికల మధ్య గానీ ఉండే గోడలోని లోపాన్ని. కింది గదుల మధ్య రంధ్రం పెద్దదైతే శుభ్రమైన రక్తంలో కొంత మళ్లీ ఊపిరితిత్తులకే పోతుంది. బిడ్డ పాలు తాగుతూ మధ్యలో ఆగి రొప్పుతుంది, నుదురు చెమట పడుతుంది, బరువు పెరగదు. మాటిమాటికీ న్యుమోనియా వస్తుంది. టెట్రాలజీ ఆఫ్ ఫాలో అనే మరో లోపంలో ఊపిరితిత్తులకు వెళ్లే దారి ఇరుకవుతుంది, ఆక్సిజన్ లేని రక్తం ఒంట్లోకి చేరుతుంది. పెదవులు, గోళ్లు నీలంగా మారతాయి, వేళ్ల చివరలు ఉబ్బి గుండ్రంగా అవుతాయి. కాస్త పెద్ద పిల్లలైతే ఆట మధ్యలో ఉన్నట్టుండి గొంతుక్కూర్చుంటారు. అలా కూర్చుంటే కాళ్ల రక్తనాళాలపై ఒత్తిడి పెరిగి ఊపిరితిత్తులకు మరికొంత రక్తం వెళ్తుంది. ఎవరూ నేర్పకపోయినా పిల్లలు తమంతట తాము కనుక్కొనే ఉపాయమిది. స్క్రీనింగ్ శిబిరాల్లో అనుభవం ఉన్న వైద్యులు స్టెతస్కోపు తీయకముందే దీన్ని బట్టి రోగాన్ని ఊహిస్తారు.

ఇవి కాక రుమాటిక్ గుండె జబ్బు ఉంది. ఇది పుట్టుకతో వచ్చేది కాదు. స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవి వల్ల వచ్చిన గొంతునొప్పికి సకాలంలో పెన్సిలిన్ పడకపోతే కొందరు పిల్లల్లో కీళ్లవాతపు జ్వరం వచ్చి, అది గుండె కవాటాలను దెబ్బతీస్తుంది. ధనిక దేశాల్లో దాదాపు కనుమరుగైన ఈ జబ్బు ఆఫ్రికాలో, దక్షిణాసియాలో, పసిఫిక్ దీవుల్లో ఇంకా పిల్లల ప్రాణాలు తీస్తూనే ఉంది. కొద్ది రూపాయల మందుతో ఆగిపోవలసిన జబ్బు చివరికి కవాటం మార్పిడి దాకా వెళ్లడం ఈ రంగంలో అన్నిటికన్నా బాధాకరమైన విషయం.

వీటన్నిటిలో కాలం కీలకం. పెద్ద రంధ్రాన్ని ఏళ్ల తరబడి వదిలేస్తే ఊపిరితిత్తుల రక్తనాళాలు గట్టిపడి ఒత్తిడి శాశ్వతంగా పెరిగిపోతుంది. ఐసెన్‌మెంగర్ స్థితి అనే ఆ దశకు చేరాక రంధ్రం మూస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. ఆరు నెలల వయసులో సులువుగా నయమయ్యే బిడ్డ పదేళ్లకు శస్త్రచికిత్సకు పనికిరాకుండా పోవచ్చు. వీసా, అనుమతి, నిధుల కోసం నిరీక్షణ అనే మాటలకు ఈ సేవలో అంత బరువు ఉండటానికి కారణమిదే.

చారిత్రక నేపథ్యం

బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ 1938లో ఒక బాలికకు పుట్టిన తర్వాత కూడా మూసుకోని రక్తనాళాన్ని ముడివేసి పిల్లల గుండె శస్త్రచికిత్సకు దారి తీశాడు. 1944 నవంబరు 29న బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఆల్‌ఫ్రెడ్ బ్లేలాక్ ఒక నీలి శిశువుకు శస్త్రచికిత్స చేశాడు. ఆ ఆలోచన హెలెన్ టౌసిగ్‌ది. ప్రయోగశాలలో ఆ పద్ధతిని సాధించి పెట్టినవాడు వివియన్ థామస్ అనే నల్లజాతి సాంకేతిక నిపుణుడు. ఆ రోజు బ్లేలాక్ వెనక ఎత్తుపీట మీద నిలబడి ఆయనే ఒక్కొక్క కుట్టుకూ సూచనలిచ్చాడు. వైద్య కళాశాలలో చదివే అవకాశం ఆయనకు రాలేదు, పేరు రావడానికి దశాబ్దాలు పట్టింది. జాతి అంతరాన్ని దాటి సాధించిన విద్యతోనే ఈ రంగం మొదలైందన్న సంగతి ఈ వ్యాస విషయానికి ఎంతో సన్నిహితమైనది.

1953లో జాన్ గిబ్బన్ హార్ట్-లంగ్ మెషిన్ సాయంతో కర్ణికల మధ్య రంధ్రాన్ని మూశాడు. మరుసటి ఏడాది మిన్నెసోటాలో వాల్టన్ లిల్లెహై బిడ్డ రక్తప్రసరణను తండ్రి లేదా తల్లి రక్తప్రసరణతో కలిపి, వారి గుండెనూ ఊపిరితిత్తులనూ యంత్రంలా వాడుకొని జఠరికల మధ్య రంధ్రాలు సరిచేశాడు. 1960ల నాటికి అమెరికా, ఐరోపా నగరాల్లో ఈ శస్త్రచికిత్స నిలదొక్కుకుంది. మిగతా ప్రపంచానికి అది అందలేదు. ఆ ఎడం నుంచే స్వచ్ఛంద సేవ పుట్టింది.

మిన్నెసోటాలోనే 1969లో మొదలైన చిల్డ్రన్స్ హార్ట్‌లింక్ తొలి సంస్థల్లో ఒకటి. 1975లో న్యూయార్క్ సమీపంలోని మాన్‌హాసెట్ రోటరీ క్లబ్బు చొరవతో ఉగాండాకు చెందిన ఒక బాలికకు రోజ్లిన్‌లోని సెయింట్ ఫ్రాన్సిస్ ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరిగింది. 'గిఫ్ట్ ఆఫ్ లైఫ్' కార్యక్రమానికి అదే ఆరంభం. తర్వాతి దశాబ్దంలో కొరియా పిల్లలు పెద్ద సంఖ్యలో అమెరికా వెళ్లారు. 1983 నవంబరులో అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ దంపతులు సియోల్ పర్యటన ముగించుకొని తిరిగి వెళ్తూ ఇద్దరు కొరియా పిల్లలను తమ విమానంలోనే తీసుకెళ్లడంతో ఈ సేవ ప్రపంచానికి తెలిసింది. సొంత ఆసుపత్రులు, ఆరోగ్య బీమా బలపడిన తర్వాత కొరియాయే ఇతర దేశాల పిల్లలను పిలిపించి చికిత్స చేయించసాగింది. సాయం అందుకున్న దేశం సాయం చేసే దేశంగా మారడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ లేదు.

ఫ్రాన్సులో అలాన్ దెలోష్ నాయకత్వంలో లా షెన్ ద లెస్‌ప్వార్, 1996లో ఫ్రాన్సీన్ లెకా స్థాపించిన మెసెనా షిరుర్జీ కార్దియాక్ ఈ పని చేపట్టాయి. రెండోది తెచ్చిన పద్ధతి ప్రత్యేకమైనది: బిడ్డ ఒంటరిగా వస్తుంది, చికిత్స పూర్తయ్యేదాకా ఒక ఫ్రెంచి కుటుంబం ఇంట ఉంటుంది. బ్రిటన్‌లో ఈజిప్టు సంతతి శస్త్రవైద్యుడు మగ్దీ యాకూబ్ 1995లో చైన్ ఆఫ్ హోప్ స్థాపించాడు. ఆయనే అస్వాన్‌లో నెలకొల్పిన హృద్రోగ కేంద్రం ఈజిప్టు పేదలకు ఉచితంగా సేవలందిస్తోంది.

సేవా విధానాలు

స్థూలంగా మూడు పద్ధతులు కనిపిస్తాయి. ఒకటి, బిడ్డను ఆసుపత్రి ఉన్న దేశానికి తీసుకురావడం. రెండు, వైద్య బృందమే పరికరాలతో సహా బిడ్డ ఉన్న దేశానికి వెళ్లి ఒకటి రెండు వారాలు శస్త్రచికిత్సలు చేసి రావడం. అమెరికా శస్త్రవైద్యుడు విలియం నోవిక్ 1993లో స్థాపించిన ఇంటర్నేషనల్ చిల్డ్రన్స్ హార్ట్ ఫౌండేషన్ ఈ దారిలో నడిచింది. 2007లో ఇరాక్‌లోని సులైమానియాలో జెరెమీ కోర్ట్నీ ప్రారంభించిన ప్రిఎంప్టివ్ లవ్ కోయలిషన్ మొదట ఇరాకీ పిల్లలను విదేశాలకు పంపించి, తర్వాత నోవిక్ బృందాలనే ఇరాక్‌కు రప్పించింది. మూడు, ఉన్నచోటే శాశ్వత కేంద్రం కట్టడం. ఇటలీ సంస్థ ఎమర్జెన్సీ 2007లో సూడాన్ రాజధాని ఖార్టూమ్ శివార్లలో తెరిచిన సలామ్ కేంద్రం ఈ కోవకు చెందుతుంది. చుట్టుపక్కల దేశాల రోగులకు కూడా అక్కడ డబ్బు తీసుకోకుండా గుండె శస్త్రచికిత్స చేశారు. రుమాటిక్ జబ్బుతో రువాండా నుంచి అక్కడికి వెళ్లిన ఎనిమిది మంది పిల్లల కథతో తీసిన 'ఓపెన్ హార్ట్' లఘుచిత్రం 2013లో ఆస్కార్ నామినేషన్ పొందింది.

మొదటి పద్ధతిలో బిడ్డకు మేలైన ఆసుపత్రి దొరుకుతుంది గానీ ఒక్కొక్కరికీ ఖర్చు ఎక్కువ. రెండోదానిలో ఎక్కువ మందికి అందుతుంది, అయితే బృందం విమానం ఎక్కిన తర్వాత రాత్రివేళ బిడ్డ పరిస్థితి విషమిస్తే చూసుకోవలసింది స్థానిక నర్సులే. మూడోది అన్నిటికన్నా కష్టమైనది, కాలం పట్టేది (చూ. శిక్షణ).

హోలోన్ అనుభవం

టెల్ అవీవ్ పక్కనున్న హోలోన్‌లోని వుల్ఫ్‌సన్ వైద్య కేంద్రంలో 1995లో 'సేవ్ ఎ చైల్డ్స్ హార్ట్' మొదలైంది. వ్యవస్థాపకుడు అమ్రామ్ (అమీ) కోహెన్ అమెరికాలో పుట్టి 1992లో ఇజ్రాయెల్‌లో స్థిరపడ్డ శస్త్రవైద్యుడు. అంతకుముందు అమెరికా సైన్యంలో వైద్యుడిగా కొరియాలో ఉన్నప్పుడు పేద పిల్లలకు సైనిక ఆసుపత్రుల ద్వారా చికిత్స చేయించే కార్యక్రమంలో పాలుపంచుకున్నాడు. ఇథియోపియా నుంచి ఒక వైద్యుడు ఇద్దరు పిల్లల కోసం సాయం అడగడంతో హోలోన్‌లో పని ఆరంభమైంది. 2001 ఆగస్టులో కిలిమంజారో పర్వతం ఎక్కుతూ కోహెన్ 47 ఏళ్లకే మరణించాడు. సహచరులు లియోర్ సాసన్, అకీవా తమీర్, సియోన్ హౌరీ పనిని ఆగనివ్వలేదు.

ఇప్పటివరకు సుమారు 70 దేశాల నుంచి 7 వేలకు పైగా పిల్లలు ఈ సంస్థ ద్వారా చికిత్స పొందారు. వారిలో దాదాపు సగం మంది పాలస్తీనా, ఇరాక్, జోర్డాన్ వంటి అరబ్బు ప్రాంతాలవారు. మిగతావారిలో ఇథియోపియా, టాంజానియా, జాంజిబార్ పిల్లలు ఎక్కువ. ఒక్కో బిడ్డకు అయ్యే ఖర్చు సుమారు 15 వేల డాలర్లని సంస్థ చెబుతుంది. శస్త్రవైద్యులకు ఇది వేరే జీతం తెచ్చిపెట్టే పని కాదు, అందుకే ఖర్చు ఆ మాత్రంలో ఉంది. ఐరోపా సమాఖ్య కూడా కొంతకాలం నిధులిచ్చింది. 2018లో ఐక్యరాజ్యసమితి జనాభా పురస్కారం సంస్థల విభాగంలో దీనికి దక్కింది.

ఏళ్ల తరబడి ప్రతి మంగళవారం వుల్ఫ్‌సన్‌లో వెస్ట్ బ్యాంకు, గాజా పిల్లల కోసం ప్రత్యేక క్లినిక్ నడిచింది. తెల్లవారకముందే ఇల్లు వదిలి, చెక్‌పోస్టు దాటి, తల్లులూ అమ్మమ్మలూ నాయనమ్మలూ పిల్లలతో వచ్చేవారు. చీకటి గదిలో బిడ్డ ఛాతీపై జెల్ రాసి ఎకో పరీక్ష చేస్తున్నంతసేపూ తల్లి చూపు తెర మీద ఉండదు, వైద్యుడి ముఖం మీద ఉంటుంది. భాష రాకపోయినా ఆ ముఖాన్ని చదవాలని చూస్తుంది. ఇక్కడ మాట కలిపేది సాధారణంగా ఇజ్రాయెల్ పౌరులైన అరబ్బు నర్సులు, సామాజిక కార్యకర్తలు. ఇథియోపియా పిల్లలకు అమ్హారిక్ మాట్లాడే ఇథియోపియా యూదులు తోడయ్యారు. పరాయి గడ్డ మీద సొంత భాషలో పలకరించే మనిషి దొరకడం ఆ తల్లులకు ఎంత ధైర్యమో వేరే చెప్పనక్కరలేదు.

జెరూసలేములో 1994లో జోనథన్ మైల్స్ ప్రారంభించిన క్రైస్తవ సంస్థ షెవెట్ అఖీమ్ ఈ పనికి మరో అంగం. గాజా, ఇరాక్, సిరియా పిల్లలను ఇజ్రాయెల్ ఆసుపత్రులకు చేర్చడం అది చేపట్టిన పని. 2003 తర్వాత ఇరాక్ నుంచి, ముఖ్యంగా కుర్దు ప్రాంతం నుంచి, జోర్డాన్ మీదుగా పిల్లలు వచ్చారు. ఈ ప్రయాణం ఎంత ప్రమాదకరమో తెలియాలంటే ఒక విషయం చాలు: ఇజ్రాయెల్‌తో సంబంధాలు పెట్టుకోవడాన్ని మరణశిక్ష దాకా వెళ్లగల నేరంగా నిర్ణయిస్తూ ఇరాక్ పార్లమెంటు 2022 మే నెలలో చట్టం చేసింది.

గాజా పిల్లల ప్రయాణం మామూలు రోజుల్లోనే క్లిష్టం. పాలస్తీనా ఆరోగ్య శాఖ సిఫారసు, ఆసుపత్రి తేదీ, ఇజ్రాయెల్ సైనిక యంత్రాంగం అనుమతి, తోడు వచ్చే పెద్దవారికి విడిగా అనుమతి, ఇన్ని కుదిరితేనే గాజా నుంచి ఇజ్రాయెల్‌లోకి వెళ్లే ఎరెజ్ దారి తెరుచుకునేది. తల్లికి అనుమతి రాక నాయనమ్మ వెంట వెళ్లిన పసిపిల్లలు ఎందరో. 2023 అక్టోబరు 7 నాటి హమాస్ దాడి, ఆ తర్వాతి యుద్ధంతో ఎరెజ్ మూతబడింది, గాజా నుంచి పిల్లల రాక నిలిచిపోయింది.

ఇదే కాలంలో పాలస్తీనా వైపు నుంచి జరిగిన కృషినీ చెప్పాలి. 1990ల మొదట్లో స్టీవ్ సోస్బీ స్థాపించిన పాలస్తీనా చిల్డ్రన్స్ రిలీఫ్ ఫండ్ పిల్లలను విదేశాలకు పంపడంతో పాటు అంతర్జాతీయ శస్త్రవైద్య బృందాలను పాలస్తీనా ఆసుపత్రులకు రప్పించింది. తూర్పు జెరూసలేములోని మకాసెద్ ఆసుపత్రిలో పిల్లల గుండె శస్త్రచికిత్సలు జరుగుతాయి. శత్రుపక్షంగా భావించే చోటికి బిడ్డను తీసుకెళ్లడం ఇష్టంలేని కుటుంబాలకు ఇవి ప్రత్యామ్నాయాలు.

పని జరిగే క్రమం

మొదటి మెట్టు గుర్తింపు. స్థానిక శిశువైద్యుడో సంస్థ బృందమో ఎకో పరీక్ష చేసి జాబితా తయారు చేస్తుంది. ఇక్కడే అన్నిటికన్నా కష్టమైన నిర్ణయం ఉంది. ఒక్క శస్త్రచికిత్సతో పూర్తిగా నయమయ్యే బిడ్డకు ముందు అవకాశం ఇస్తారు. ఒకే జఠరికతో పుట్టి మూడు విడతలుగా శస్త్రచికిత్స కావలసిన బిడ్డ చాలాసార్లు వెనక్కి వెళ్తుంది. ఆ డబ్బుతో మరో ముగ్గురు నలుగురు బతుకుతారన్న లెక్క సరైనదే, కానీ ఆ మాట తల్లికి చెప్పవలసిన వైద్యుడికి అది లెక్కగా మిగలదు.

తర్వాత పాస్‌పోర్టు, వీసా, తోడు వచ్చేవారి ఎంపిక. ఆసుపత్రికి చేరాక పళ్లు, చర్మం, రక్తం పరీక్షిస్తారు. పుచ్చిన పన్ను ఉంటే ముందు దాని సంగతి చూస్తారు, అక్కడి సూక్ష్మజీవులు గుండెకు పాకే ప్రమాదం ఉంటుంది. శస్త్రచికిత్స గదిలో గడిచేది కొద్ది గంటలే. ఫలితాన్ని నిర్ణయించేది ఆ తర్వాతి ఐసీయూ రాత్రులు. వెంటిలేటర్ సర్దడం, ద్రవాల కొలత, ఇన్ఫెక్షన్ రాకుండా చేతుల శుభ్రత వంటి పనుల్లో నర్సుల నైపుణ్యం శస్త్రవైద్యుడి నైపుణ్యంతో సమానంగా లెక్కకొస్తుంది.

కోలుకునే కాలం సాధారణంగా కొన్ని వారాల నుంచి మూడు నెలల దాకా. ఈ సమయంలో పిల్లలు సంస్థ నడిపే వసతిగృహంలో ఉంటారు. హోలోన్‌లో అలాంటి ఇంటి వంటగదిలో ఒకే పొయ్యి దగ్గర కుర్దు తల్లి, గాజా తల్లి పక్కపక్కన నిలబడి వండుకోవడం 2023 దాకా మామూలు దృశ్యం. ఒకరి బిడ్డ శస్త్రచికిత్సకు వెళ్లిన రోజు మరొకరు ఆ ఇంటివాళ్లందరికీ వండిపెట్టేవారు. సేవాసంస్థల నివేదికల్లో ఇలాంటి సహజీవనం కొంత అందంగా చిత్రితమవుతుంది కాబట్టి ఒక మాట చేర్చాలి. తల్లులు అక్కడ రాజకీయాలు మాట్లాడుకోవడం తక్కువ. వాళ్ల మాటలన్నీ జ్వరం, బరువు, డిశ్చార్జి తేదీ చుట్టూనే తిరుగుతాయి.

సాంస్కృతిక అంతరాలు

అంగీకార పత్రం మీద సంతకం చేసే మనిషి ఎవరన్నదే మొదటి చిక్కు. కొన్ని సమాజాల్లో తల్లి పక్కనే ఉన్నా నిర్ణయం తండ్రిది, లేదా తాతది. ఫోనులో వారి సమ్మతి వచ్చేదాకా ఆగవలసి వస్తుంది. ప్రమాదం ఎంత ఉందో చెప్పే తీరు కూడా సున్నితమైనది. 'నూటికి ఇద్దరు బతకరు' అని వైద్యుడు ముఖాముఖి చెప్పడం కొన్నిచోట్ల నిజాయితీ, మరికొన్నిచోట్ల అపశకునం. రక్తం ఎక్కించడం, ఆహార నియమాలు, ఆడపిల్ల ఛాతీ మధ్య మచ్చ మిగిలితే రేపు పెళ్లి ఎలాగన్న భయం, ఇవన్నీ వైద్యేతర విషయాలుగా కనిపించినా చికిత్స వాటి మీదే ఆగిపోయిన సందర్భాలున్నాయి. పరాయిదేశంలో బిడ్డ చనిపోతే దేహాన్ని త్వరగా ఇంటికి చేర్చి మతాచారం ప్రకారం ఖననం చేయడం మరో బాధ్యత. బాగా నడిచే సంస్థలు దీనికి ముందే ఏర్పాట్లు చేసి పెట్టుకుంటాయి.

ఆడపిల్లల విషయంలో అంతరం దేశాల మధ్య కన్నా ఇళ్లలోనే ఎక్కువ. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో శస్త్రచికిత్స సలహా పొందిన మగపిల్లల్లో 70 శాతం మందికి అది జరిగితే, ఆడపిల్లల్లో 44 శాతం మందికే జరిగింది. ఉచిత చికిత్స ఇచ్చే సంస్థలు వచ్చిన పిల్లలను సమానంగా చూస్తాయి. ఇంటినుంచి బయలుదేరని పిల్లల సంగతి ఎవరి లెక్కలోకీ రాదు.

భారత ఉపఖండం

2001 డిసెంబరులో భారత పార్లమెంటుపై దాడి తర్వాత ఆగిపోయిన ఢిల్లీ–లాహోర్ బస్సు 2003 జులై 11న మళ్లీ నడిచింది. ఆ తొలి బస్సులో లాహోర్‌కు చెందిన రెండేళ్ల పాప తల్లిదండ్రులతో వచ్చి బెంగళూరులోని నారాయణ హృదయాలయలో శస్త్రచికిత్స పొందింది. రెండు దేశాల ప్రజలూ ఆ పాప కోసం ప్రార్థించారు, కానుకలు పంపారు. తర్వాతి సంవత్సరాల్లో రోటరీ క్లబ్బుల తోడ్పాటుతో, సొంత ఖర్చుతో కూడా చాలామంది పాకిస్తానీ పిల్లలు భారత్‌కు వచ్చారు. 2025 ఏప్రిల్‌లో పహల్గాం ఉగ్రదాడి తర్వాత భారత్ పాకిస్తానీయుల వీసాలను రద్దు చేసింది. వైద్య వీసాలకు మాత్రం కొద్దిరోజుల గడువిచ్చింది. గుండె శస్త్రచికిత్స కోసం సింధ్‌లోని హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకే ఇంటి పిల్లలిద్దరు అది జరగకుండానే అట్టారీ–వాఘా దాటి వెనుదిరిగారు. 2003లో తెరుచుకున్న దారి ఎంత బలహీనమైనదో ఆ ఘటన చూపింది.

తెలుగు ప్రాంతంలో ఉచిత గుండె శస్త్రచికిత్సకు పెద్ద ఆరంభం 1991 నవంబరు 22న పుట్టపర్తిలో తెరిచిన శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థ. అక్కడ బిల్లు కౌంటరే లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2007లో ఆరంభించిన ఆరోగ్యశ్రీ, కేంద్రం 2013లో తెచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పేద పిల్లల గుండె చికిత్సను దాతల దయ నుంచి ప్రభుత్వ బాధ్యతవైపు జరిపాయి. 2021 అక్టోబరులో తిరుపతిలో తితిదే ఆధ్వర్యంలో శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం తెరుచుకుంది.

దేశాంతర సహకారం విజయవాడకూ చేరింది. బ్రిటన్‌లోని లెస్టర్‌లో శిశువైద్యుడు సంజీవ్ నిచానీ 2007లో ప్రారంభించిన హీలింగ్ లిటిల్ హార్ట్స్ బృందాలు ఆంధ్ర హాస్పిటల్స్‌కు వచ్చి స్థానిక వైద్యులతో కలిసి పసిపిల్లలకు ఉచితంగా శస్త్రచికిత్సలు చేశాయి. ఈ కార్యక్రమానికి సినీ నటుడు మహేశ్‌బాబు అండగా నిలిచాడు. ఇక్కడి నుంచి బయటికి వెళ్లిన సేవకు ఉదాహరణ ఫిజీ. 2022లో సువా నగరంలో శ్రీ సత్యసాయి సంజీవని పిల్లల ఆసుపత్రి ప్రారంభమైంది. శతాబ్దం కిందట ఒప్పంద కూలీలుగా చెరకు తోటలకు వెళ్లినవారిలో తెలుగువారూ ఉన్నారు. వారి వారసులకూ స్థానిక ఫిజీయన్లకూ చుట్టుపక్కల దీవులవారికీ అదే ఆసుపత్రి ఆసరా.

విమర్శలు

ఈ సేవపై వచ్చిన అభ్యంతరాలను తేలిగ్గా తీసుకోలేం. ఇజ్రాయెల్ సందర్భంలో, గాజా ఆసుపత్రులు ఎదగకపోవడానికి ఇజ్రాయెల్ విధించిన దిగ్బంధం ఒక కారణమైనప్పుడు, అదే దేశం కొందరు పిల్లలకు చేసిన చికిత్సను మంచితనానికి నిదర్శనంగా ప్రచారం చేసుకోవడం సరికాదని పాలస్తీనా వైపు విమర్శకులు అంటారు. సేవ చేసేవారు తాము ప్రభుత్వ విధానానికి ప్రతినిధులం కామని, ఎదురుగా ఉన్న బిడ్డకు వేచి ఉండే వ్యవధి లేదని చెబుతారు. రెండు మాటల్లోనూ సత్యముంది. ఒకదానితో రెండోది రద్దు కాదు.

మరో విమర్శ ప్రచారం గురించి. ఆక్సిజన్ గొట్టాలతో ఉన్న బిడ్డ ఫొటో విరాళాలు తెస్తుంది. ఆ బిడ్డ పెద్దయ్యాక ఊళ్లో 'శత్రుదేశానికి వెళ్లివచ్చిన' గుర్తు మిగులుతుంది. అందుకే కొన్ని కుటుంబాలు పేరు, ముఖం బయటపెట్టవద్దని ముందే షరతు పెడతాయి. ఆ షరతును గౌరవించడం సంస్థ నిజాయితీకి మంచి కొలబద్ద.

అన్నిటికన్నా తీవ్రమైన లోపం శస్త్రచికిత్స తర్వాతి పర్యవేక్షణలో ఉంది. కృత్రిమ లోహ కవాటం అమర్చిన బిడ్డ రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం వార్ఫరిన్ మాత్ర వేసుకోవాలి, దాని మోతాదు సరిచూసే రక్తపరీక్ష తరచూ చేయించుకోవాలి. ఆ పరీక్ష దొరకని పల్లెకు బిడ్డను పంపితే రక్తం గడ్డకట్టో, విపరీతంగా కారిపోయో చనిపోవచ్చు. ఆడపిల్లలు పెద్దయి గర్భం దాల్చినప్పుడు అదే మందు పిండానికి హాని చేస్తుంది. ఈ కారణంగా అనుభవజ్ఞులు వీలైనంతవరకు కవాటాన్ని మార్చకుండా బాగుచేయడానికే ప్రయత్నిస్తారు. ఎంతమందికి శస్త్రచికిత్స చేశామన్న సంఖ్య నివేదికలో మొదటి పేజీలో ఉంటుంది. ఐదేళ్ల తర్వాత ఎంతమంది బతికి ఉన్నారన్నది చాలా నివేదికల్లో కనబడదు. ఈ రంగం ఇంకా చెల్లించవలసిన బాకీ అది.

శిక్షణ

బిడ్డల రాకపోకలకన్నా వైద్యుల రాకపోకలు ఎక్కువ మేలు చేశాయని ఇన్నేళ్ల అనుభవం చెబుతోంది. టాంజానియాకు చెందిన గాడ్విన్ గాడ్‌ఫ్రే హోలోన్‌లో ఏళ్ల తరబడి శిక్షణ పొంది తన దేశంలో తొలి శిశుహృదయ శస్త్రవైద్యుడయ్యాడు. ఇజ్రాయెల్ బృందం మ్వాంజాలోని బుగాండో ఆసుపత్రికి వెళ్లి ఆయనతో కలిసి శస్త్రచికిత్సలు చేసింది. 2015లో దారెస్సలాంలో జకాయా కిక్వేటే హృద్రోగ సంస్థ ఏర్పడిన తర్వాత ఆ దేశపు పిల్లలకు ఇంటి దగ్గరే చికిత్స సాధ్యమైంది. ఇథియోపియాలో బెలాయ్ అబెగాజ్ 1989లో ప్రారంభించిన పిల్లల హృదయ నిధి రెండు దశాబ్దాల కృషి తర్వాత అడిస్ అబాబాలో సొంత కేంద్రాన్ని తెరిచింది.

ఒక్క శస్త్రవైద్యుడు తయారైతే సరిపోదు. మత్తు వైద్యుడు, హార్ట్-లంగ్ మెషిన్ నడిపే పెర్ఫ్యూజనిస్టు, ఎకో నిపుణుడు, ఐసీయూ నర్సులు, పరికరాలు బాగుచేసే ఇంజనీరు కలిసి నిలవాలి. వారిలో ఒకరు మంచి జీతానికి విదేశం వెళ్లిపోతే మొత్తం కేంద్రం కుంటుపడుతుంది. బోస్టన్ పిల్లల ఆసుపత్రి 2008లో ప్రారంభించిన అంతర్జాతీయ నాణ్యతా సహకారంలో భారత్ సహా అనేక దేశాల కేంద్రాలు తమ ఫలితాలను ఒకే పద్ధతిలో నమోదు చేస్తున్నాయి. అందులో ప్రధానంగా పట్టించుకునేవి శస్త్రచికిత్స గదిలో భద్రత, ఇన్ఫెక్షన్ల నివారణ, వైద్యులూ నర్సులూ కలిసి పనిచేసే పద్ధతి. నర్సులకు పాఠాలు ఇంటర్నెట్ ద్వారా అందుతున్నాయి. ఒక దేశపు ఐసీయూలో వచ్చిన సందేహాన్ని మరో దేశపు నర్సు తీర్చే ఏర్పాటు ఇప్పుడు సాధారణమైంది, అందుకు పాస్‌పోర్టు అక్కర్లేదు.